మన యాస కథలకు ఎడిటింగ్ ఎవరి చేత చేయిస్తే మేలు?

శ్రీకాకుళంలో ఏ సాహిత్య సభకు వెళ్లినా, సభ ముగిసి టీ తాగే దగ్గర ఈ ప్రశ్న తప్పకుండా వస్తోంది: "పుస్తకం వేద్దామనుకుంటున్నాను, ఎడిటింగ్‌కి ఎవరికిమ్మంటారు?" విజయనగరం, పాలకొండల నుంచి ఫోన్ చేసేవాళ్లూ ఇదే అడుగుతున్నారు. ఈమధ్యే నా రెండో కథల సంపుటి ప్రెస్‌కి వెళ్లింది. మొదటిదానికి ఒక దారి, దీనికి ఇంకో దారి పట్టాను కాబట్టి నేను చూసింది చెబుతాను.

మన ముందున్నవి ముఖ్యంగా మూడు. ప్రచురణ ప్యాకేజీలో కలిపి ఇచ్చే ఎడిటింగ్ ఒకటి. ఊళ్లో తెలిసిన తెలుగు మాస్టారు రెండోది. విడిగా ఫీజు తీసుకుని పని చేసే ఎడిటర్ మూడోది.

నా మొదటి పుస్తకం ప్యాకేజీలో వేశాను. కవర్, పేజీ మేకప్, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు), ఎడిటింగ్ అన్నీ కలిపి ఒకే రేటు. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దాన్ని చూసి ప్యాకేజీ తీసుకోకండి. ఎడిటింగ్ పేరుతో నాకు జరిగింది ప్రూఫ్ రీడింగ్. అది కూడా మన మాట చెవిన పడని వాళ్ల చేతుల్లో. ఒక కథలో "గెడ్డ దాటీసి వచ్చినాడు" అని రాశాను. పుస్తకంలో "గడ్డ దాటేసి వచ్చాడు" అని పడింది. మనకు గెడ్డ అంటే వాగు. అది పొంగి అవతలి ఊరి మనిషి ఇటు రాలేకపోవడమే ఆ కథ. గెడ్డ గడ్డ అయిపోయాక ఇక కథేముంది?

అంతకంటే బాధపెట్టింది ఇంకొకటి. మా మనుషులు "ఏటి" అన్నచోటల్లా "ఏమిటి" అని కంప్యూటర్‌లో ఒక్క దెబ్బకు మార్చేశారు. నాగావళి ఏటి ఒడ్డున కూర్చున్న ముసలమ్మ "ఏమిటి ఒడ్డున" కూర్చుంది. 500 కాపీలు అచ్చయ్యాక చూశాను. ఆ పేజీ తెరవడానికి ఇప్పటికీ మనసు ఒప్పదు. వ్యాసాలో, పత్రికా భాషలో రాసిన నవలో అయితే ప్యాకేజీ ఎడిటింగ్‌తో గడిచిపోవచ్చు. యాసలో రాసేవాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను.

దెబ్బ తిన్నాక ఎవరైనా ఏమనుకుంటారు? మన ప్రాంతం వాళ్లకే ఇవ్వాలి అనుకుంటారు. నేనూ అదే అనుకుని రెండో పుస్తకం రాతప్రతి మా ఊరి మాస్టారికి ఇచ్చాను. రిటైరైన తెలుగు పండితులు. నా చిన్నప్పుడు నా వాక్యాలు దిద్దినాయన. డబ్బు ముట్టుకోరు. నెలన్నర ఓపిగ్గా చదివి, ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది, "బాగుంది బాబూ, అచ్చు వేయించీ" అన్నారు. బుగత, కంబారి, ఉభాలు, గోర్జి, ఏ మాట దగ్గరా ఆయన ఆగలేదు. ఎందుకు ఆగుతారు? ఆయన పుట్టి పెరిగిన మాటలవి. ఆయనకు అన్నీ అర్థమయ్యాయి కాబట్టే పరాయి పాఠకుడు ఎక్కడ తడబడతాడో ఆయన కంటికి ఆనలేదు. దానికితోడు మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. "నీ నాలుగో కథ ఎత్తుగడ బాగోలేదు" అని శిష్యుడి మొహం మీద అనలేరు.

అప్పుడు, కాస్త భయపడుతూనే, హైదరాబాద్‌లో ఉండే ఒక ఎడిటర్‌కి పంపాను. ఆమెది మన ప్రాంతం కాదు. మళ్లీ గెడ్డను గడ్డ చేస్తారేమోనని టెన్షన్ పడ్డాను. ఫైల్ తిరిగొచ్చాక చూస్తే, ప్రతి దిద్దుబాటూ విడిగా కనబడే ట్రాక్ ఛేంజెస్‌లో మార్పులు తక్కువ, పక్కన రాసిన ప్రశ్నలు ఎక్కువ. "ఉభాలు అంటే నాట్లేనా? అయితే ముందు వాక్యంలో నారు మాట వస్తే చాలు, కింద అర్థం ఇవ్వక్కర్లేదు" అని ఒకటి. "ఈమె 12వ పేజీలో 'వెళ్లిపోనాడు' అంటుంది, 31లో 'వెళ్లిపోయాడు' అంటుంది. పట్నంలో ఉండి వచ్చినందుకా, పొరపాటా?" అని ఇంకొకటి. అది పొరపాటే. రాసిన నేనూ చూడలేదు, మాస్టారూ చూడలేదు.

ఈ అనుభవంతో నా అభిప్రాయం మారింది. ఎడిటర్‌కి మన యాస వచ్చా రాదా అన్నదాని కంటే, తెలియని మాట దగ్గర ఆగి అడుగుతారా, అడగకుండా దిద్దేస్తారా అన్నదే నాకు ముఖ్యం. అడిగే మనిషి అయితే ఏ జిల్లా అయినా ఫర్వాలేదు. యాసలో స్పెల్లింగ్‌కి ఒక కట్టుబాటు లేదు. ఉభాలా, ఉబాలా అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయానికి వెళ్లి, మన పెద్ద కథకులు ఎలా రాశారో పాత పత్రికలు తిరగేసి తేల్చుకున్నాను. ప్రశ్న రాకపోతే ఆ వెతుకులాటే ఉండేది కాదు.

ఖర్చు మాట దాచను. నాకు ప్రింటింగ్ ఖర్చులో దాదాపు మూడో వంతు ఎడిటింగ్‌కే అయింది. పేజీ లెక్కా, పదాల లెక్కా అన్నది ముందే తేల్చుకోండి. మీరు ప్రశ్నలకు జవాబిచ్చాక రెండోసారి చదువుతారా అన్నదీ అడగండి. ఆ రెండో చదువు లేకపోతే సగం పనే అయినట్టు.

మా ఊరి మాస్టారి పని తీసేశానని అనుకోవద్దు. యూనికోడ్ ఫైల్‌ని డీటీపీలో అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత తరహా ఫాంట్లు) మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతుంటాయి. పేజీలు కట్టాక చివరి ప్రూఫ్ విడిగా చదివించాల్సిందే. దానికి మా మాస్టారిని మించిన కన్ను నాకు దొరకలేదు.

స్నేహితులకు ఇవ్వొచ్చు, కథ నచ్చిందో లేదో తెలుస్తుంది, అంతవరకే. ఏఐతో దిద్దించవచ్చా అని కుర్రవాళ్లు అడుగుతున్నారు. టైపింగ్ తప్పులకు సరే, సంభాషణల జోలికి రానివ్వకండి.

డబ్బు కట్టే ముందు ఎవరినైనా పది పేజీల నమూనా చేసిమ్మనండి. కొందరు దానికీ కొంత తీసుకుంటారు, ఇచ్చేయండి. అందరూ పుస్తకంలో మొదటి పది పేజీలు పంపుతారు. మీరు సంభాషణలు దట్టంగా ఉన్న పది పంపండి. తిరిగొచ్చాక మార్పులెన్ని, ప్రశ్నలెన్ని అని లెక్కపెట్టండి. ఒక్క ప్రశ్నా లేకుండా అంతా నున్నగా దిద్ది వస్తే, మిగతా పేజీలు ఆ చేతికి ఇవ్వకండి.