యేల్ వాళ్ళ ఫ్రీ పాలిటిక్స్ క్లాసులు, మా నాన్నతో కలిసి చూశాక

యూట్యూబ్‌లో యేల్ యూనివర్సిటీ ఛానెల్‌లో 'పవర్ అండ్ పాలిటిక్స్ ఇన్ టుడేస్ వరల్డ్' అని ఒక కోర్సు ఉంది, ఇయన్ షపీరో అనే ప్రొఫెసర్ 2019లో చెప్పింది. 20కి పైగా లెక్చర్లు, పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కూడా రాదు, రెజ్యూమెలో పెట్టుకుందాం అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

1989లో బెర్లిన్ గోడ పడిన దగ్గర ఎత్తుకుని బ్రెగ్జిట్, ట్రంప్ దాకా లాక్కొస్తాడు. నాకు బాగా నచ్చిందేంటంటే అమెరికా గురించి చెప్తూ పక్కనే యూరప్‌ని పెట్టి చూపిస్తాడు, క్లింటన్ వస్తే వెనకే అప్పటి బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ వస్తాడు, లెఫ్ట్ పార్టీలన్నీ ఒకే టైంలో మధ్యకి ఎందుకు జరిగాయో అప్పుడు గానీ అర్థం కాదు. పుట్టింది సౌతాఫ్రికాలో కదా, అందుకేనేమో ఎవరి మీదా మొహమాటం లేదు.

అసలు మజా ప్రైమరీల దగ్గర, అంటే అసలు ఎలక్షన్‌కి ముందు పార్టీ క్యాండిడేట్ ఎవరో తేల్చే ఎలక్షన్. మనకి టికెట్ అంటే బీ ఫారం, పైనోళ్ళు ఇస్తే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. అమెరికాలో పార్టీ క్యాండిడేట్‌ని కూడా ఓటర్లే ప్రైమరీలో ఎంచుకుంటారు, వినడానికి ఎంత బాగుందో కదా, ఈయనేమో డెమోక్రసీకి వచ్చిన రోగాల్లో అదొకటి అంటాడు. ప్రైమరీకి వచ్చేది కొద్దిమంది, వాళ్ళలో వీరాభిమానులే ఎక్కువ, క్యాండిడేట్ వాళ్ళనే మెప్పించాలి, ఇంక పార్టీ మాట ఎవడు వింటాడు. బ్రిటన్‌లో కూడా అంతే, అక్కడ లేబర్ పార్టీ లీడర్‌ని పార్టీ మెంబర్లు ఓటేసి ఎంచుకుంటారు, 2016లో అప్పటి లీడర్ జెరెమీ కార్బిన్ మీద సొంత ఎంపీలే 172-40తో అవిశ్వాసం పెట్టినా మెంబర్లు మళ్ళీ ఆయన్నే గెలిపించారు.

ఇదంతా ఆపి ఆపి నాన్నకి తెలుగులో చెప్తున్నా. ఆయన ఒకప్పుడు ఎంపీటీసీకి నామినేషన్ వేసి, విత్‌డ్రాయల్ రోజు మధ్యాహ్నం దాకా ఎంపీడీవో ఆఫీసు ముందు వేపచెట్టు కింద నిలబడితే బీ ఫారం ఇంకొకరి జేబులోంచి బయటికొచ్చింది. ఈయన జనం వైపు మాట్లాడతారు అనుకున్నా. "టికెట్ కూడా జనమే ఇస్తే ఇంక పార్టీ దేనికిరా, రేపు పని జరక్కపోతే ఎవడి కాలర్ పట్టుకుంటావ్" అన్నారు. ప్రొఫెసర్ అనేదీ అటూ ఇటూగా అదే. నేను మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, పైనోళ్ళ చేతిలో పెట్టడం ఎలా ఉంటుందో మనకి తెలుసు కాబట్టి, ఆ ప్రొఫెసర్‌కి తెలీదు కాబట్టి.

మైనస్‌లు కూడా ఉన్నాయి. గ్రాఫులు ఫోన్‌లో కనపడి చావవు, టీవీకి పెట్టుకోండి. అమెరికా ట్యాక్సుల లెక్చర్ నాకు రెండుసార్లు చూస్తే గానీ ఎక్కలేదు. 2019ది కాబట్టి కరోనా తర్వాత లోకం ఇందులో లేదు. వరసగా చూసే ఓపిక లేకపోతే పాపులిజం, అంటే 'జనం ఒకవైపు, పైనున్న పెద్దోళ్ళు ఒకవైపు' అనే రాజకీయం మీద ఉన్నది ముందు చూడండి.

మొన్న రాత్రి జర్మనీ ఎలక్షన్ల గురించి చెప్పా నాన్నకి, అక్కడ ఒక్కొక్కరికి రెండు ఓట్లు, ఒకటి మనిషికి ఒకటి పార్టీకి, 2017లో ఏఎఫ్‌డీ అనే అతి రైట్ వింగ్ పార్టీకి 12.6 శాతం వస్తే 94 సీట్లు వచ్చాయి, తర్వాత గవర్నమెంట్ ఏర్పడటానికి దాదాపు 6 నెలలు పట్టింది అని.

"ఆ పార్టీ ఓటుకి పేర్ల లిస్టు ఉంటుందిగా, అందులో ముందెవరు వెనకెవరు అన్నది ఎవరు రాస్తారు?"

"పార్టీయే నాన్నా."

"అదీ బీ ఫారమేగా మరి" అని దుప్పటి ముసుగేసుకున్నారు.