డెన్మార్క్‌లో ఎక్స్‌ఛేంజ్ ఏడాది: నేనున్న రెండు ఇళ్లు

ఇంటర్ పూర్తయ్యాక డెన్మార్క్‌లో ఒక కుటుంబంతో ఉంటూ అక్కడి బడిలో ఏడాది చదివే అవకాశం వచ్చింది. గుంటూరులో మా బంధువులంతా ఏడాది వృథా అవుతుందన్నారు. వెళ్లొచ్చాక ఇప్పుడు వాళ్లలోనే కొందరు తమ పిల్లల కోసం వచ్చి అడుగుతున్నారు. ఏ ఊరైతే మంచిది, ఎలాంటి ఇల్లు దొరుకుతుంది, తిండి మాటేమిటి అని. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఏ ఊరు పడుతుందోనని మాత్రం టెన్షన్ పడకండి. ఏడాది ఎలా గడుస్తుందనేది ఇంటిని బట్టే ఉంటుంది.

హోస్ట్ కుటుంబం అంటే పేయింగ్ గెస్ట్ ఏర్పాటు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇలా పిల్లలను వేరే దేశాలకు పంపే ఏఎఫ్ఎస్, రోటరీ లాంటి సంస్థల కార్యక్రమాల్లో ఆ ఇంటివాళ్లు మన దగ్గర అద్దె తీసుకోరు. ఇష్టపడి మనకో గది ఇస్తారు, తమతో పాటు అన్నం పెడతారు. కాబట్టి మనకు అక్కడ అతిథి మర్యాదలు ఉండవు. ఇంట్లో పిల్లలకు ఏ పనులుంటే మనకూ అవే.

నా మొదటి ఇల్లు యూట్లాండ్ ప్రాంతంలో, సిల్కెబోర్ పట్టణం బయట ఒక చిన్న పల్లెలో. చుట్టూ అడవులు, సరస్సులు. డెన్మార్క్‌లో అన్నిటికన్నా పొడవైన గూదెనో నది అటుగానే పారుతుంది. అక్కడివాళ్లు ఆకాశపు కొండ అని పిలుచుకునే హిమ్మెల్‌బ్యెర్గెట్ ఎత్తు 147 మీటర్లే. మన కొండవీడు చూసినవాళ్లకు అది ఆనదు గానీ పైనుంచి కనిపించే సరస్సు మాత్రం ఎంతసేపు చూసినా తనివి తీరదు.

ఇంట్లో భార్యాభర్తలు, బడికి వెళ్లే ఇద్దరు చిన్నపిల్లలు. వచ్చిన వారంలోనే నన్ను కూర్చోబెట్టి ఇంటి పద్ధతులన్నీ చెప్పారు. స్నానం త్వరగా ముగించాలి, వేడినీళ్లు ఖరీదు. గదిలోంచి వస్తే లైటు ఆపాలి. బయటికి వెళ్తే ఎప్పుడు తిరిగొస్తానో చెప్పాలి. సాయంత్రం ఆరింటికల్లా అందరూ బల్ల దగ్గరుండాలి, ఫోన్లు ఉండకూడదు. మొదట కటువుగా అనిపించింది కానీ ఈ పద్ధతే నయం. నచ్చనిది ఏదైనా ఉంటే మొహం మీదే నెమ్మదిగా చెప్పేస్తారు, మనసులో పెట్టుకోరు. మనమూ అలాగే చెప్పాలని ఆశిస్తారు. "ఫర్వాలేదండీ" అని సర్దుకుపోయే అలవాటున్న మన పిల్లలకు ఇదే కష్టం.

ఇంకో కష్టం పిలుపులు. అక్కడ అందరినీ పేరు పెట్టే పిలుస్తారు, బడిలో టీచర్లను కూడా. మా అమ్మ వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు చాలాకాలం నోరు రాలేదు. పేరు చివర "గారు" చేర్చి పిలిస్తే ఆవిడ అదేమిటని అడిగి తెలుసుకుని, ఇష్టంగా ఒప్పుకున్నారు. చిన్నవాడేమో నన్ను "అక్కా" అని పిలవడం నేర్చుకున్నాడు. అది వాడికి నేను నేర్పిన మొదటి తెలుగు మాట.

వారంలో ఒక రోజు వంట నా వంతు. నిమ్మకాయ పులిహోర చేసిన రోజు, నూనెలో ఆవాలు చిటపటలాడుతుంటే పిల్లలిద్దరూ స్టవ్ దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. అప్పటినుంచి తాలింపు వేసేటప్పుడు వాళ్లను పిలవాల్సిందే. వాళ్ల వంటల్లో కర్రీ పేరుతో ఒకటుంది, బొల్లెర్ ఐ కారీ. మాంసపు ఉండలు, పసుపు రంగు సాసు, అన్నం. కారం అసలు ఉండదు, కమ్మగా ఉంటుంది. మామూలుగా పంది మాంసంతో చేస్తారు. నేను తిననని ఆవిడ నాకోసం చికెన్‌తో చేసేవారు. మధ్యాహ్నానికి మాత్రం అందరికీ రై అనే ధాన్యంతో చేసే నల్లటి రొట్టె ముక్కలే, డబ్బాలో పెట్టుకుని బడికి తీసుకెళ్లాలి. నాకు దాని పులుపు నచ్చడానికి చలికాలం దాకా పట్టింది.

చలికాలం గురించి దాచకుండా చెప్పాలి. చలి కన్నా చీకటి ఎక్కువ బాధిస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటగానే పొద్దు గుంకుతుంది, మళ్లీ తెల్లారేది ఎనిమిదిన్నర తర్వాతే. ఇంటి మీద బెంగ నవంబరులోనే మొదలవుతుంది. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ ఇల్లే. డిసెంబరు 1 నుంచి 24 వరకు అంకెలు వేసిన కొవ్వొత్తిని రోజుకు ఒక అంకె వరకే వెలిగిస్తారు. 24 సాయంత్రమే వాళ్లకు అసలు పండగ. చెట్టు మీద నిజం కొవ్వొత్తులు వెలిగించి, అందరూ చేతులు పట్టుకుని చుట్టూ తిరుగుతూ పాడతారు. భోజనం చివర వచ్చే తియ్యటి అన్నంలో ఒకే ఒక్క బాదం గింజను పగలకుండా దాస్తారు, అది ఎవరికి వస్తే వాళ్లకు బహుమతి. దొరికినవాళ్లు చివరిదాకా బుగ్గన దాచుకుని అందరిచేతా అన్నం తినిపిస్తారు. మా అమ్మానాన్నలకు వీడియో కాల్‌లో ఇదంతా చూపిస్తే వాళ్లకు నా మీద బెంగ సగం తగ్గింది.

రెండో ఇల్లు ఆర్హస్‌లో, దేశంలో రెండో పెద్ద నగరం. అపార్ట్‌మెంట్‌లో ఒక తల్లి, నా ఈడు కూతురు. ఆ అమ్మాయి తానూ ఎక్స్‌ఛేంజ్‌కు వెళ్లొచ్చింది కాబట్టి నా బాధలు చెప్పకుండానే అర్థమయ్యేవి. దోక్‌వన్ అనే పెద్ద లైబ్రరీ, ఆరోస్ మ్యూజియం పైకప్పు మీద రంగురంగుల అద్దాల దారి, పాతకాలపు ఇళ్లను ఒక్కొక్కటిగా తెచ్చి పట్టణంలా నిలబెట్టిన దెన్ గామ్లె బ్యూ మ్యూజియం, అన్నీ దగ్గరే. బజార్ వెస్ట్ మార్కెట్‌కు వెళ్తే బియ్యం, పప్పులు, మసాలాలు దొరికేవి. స్వేచ్ఛ ఎక్కువ. కానీ ఎవరి పనులు వాళ్లవి, అందరం కలిసి తినే రోజులు తక్కువ. ఇంట్లో అందరికీ ఇంగ్లిష్ బాగా రావడంతో నా డేనిష్ అక్కడే ఆగిపోయింది.

రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే పల్లె ఇంటికే నా ఓటు, అందులోనూ చిన్నపిల్లలున్న ఇల్లు. పెద్దవాళ్లు మనం తడబడగానే ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. చిన్నపిల్లలకు ఇంకా అంత ఇంగ్లిష్ రాదు, చెప్పిందే పదిసార్లు చెప్పి నేర్పిస్తారు. పల్లెలో బస్సులు గంటకొకటి, రాత్రయితే అదీ ఉండదు. అయినా సరే.

బడిలో ర్యాంకులు లేవు, గ్రూపు పనులు ఎక్కువ. టీచర్‌తో వాదిస్తే మెచ్చుకుంటారు. కానీ క్లాసులో స్నేహాలు కుదరడం ఆలస్యం, అందరికీ పాత జట్లుంటాయి. స్నేహితులు కావాలంటే క్లబ్బులో చేరండి. ప్రతి ఊళ్లోనూ ఆటల క్లబ్బులుంటాయి, చాలాచోట్ల నేర్పేవాళ్లు జీతం లేకుండానే వస్తారు. నేను బ్యాడ్మింటన్‌లో చేరాను. 2017లో ఓడెన్సెలో డెన్మార్క్ ఓపెన్ గెలిచిన కిడాంబి శ్రీకాంత్ మా గుంటూరులో పెరిగినవాడని చెప్పగానే నాతో డబుల్స్ ఆడటానికి జనం ముందుకొచ్చారు. సింధు పేరు తెలియనివాళ్లు ఆ హాల్లో లేరు.

చూడాల్సినవాటిలో నా లెక్కలో మొదటిది సిల్కెబోర్ మ్యూజియంలోని టోలుండ్ మనిషి. 1950లో బురద నేలలో పీట్ అనే, పొయ్యిలో మండించే మట్టిని తవ్వుతున్నవాళ్లకు దొరికిన శవం, దాదాపు 2,400 ఏళ్ల నాటిది. మెడలో ఉరితాడు అలాగే ఉంది. గడ్డం మీద మొలిచిన వెంట్రుకలు కూడా కనిపిస్తాయి, నిద్రపోతున్నట్టే ఉంటాడు. నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. తర్వాత ఉత్తరపు కొసన ఉన్న స్కేగన్. రెండు సముద్రాల అలలు ఎదురెదురుగా వచ్చి కొట్టుకునే చోట ఇసుక మీద నిలబడవచ్చు, ఈత మాత్రం నిషేధం. కోపెన్‌హాగెన్‌కు ఆర్హస్ నుంచి రైల్లో సుమారు మూడు గంటలు. టికెట్లు ముందే కొంటే బాగా చవక. 1843లో తెరిచిన టివోలి పార్కుకు వెళ్లండి. మత్స్యకన్య విగ్రహం కోసం మాత్రం ప్రత్యేకంగా అంతదూరం నడవక్కర్లేదు. చాలా చిన్నది, చుట్టూ జనం.

వెళ్లగానే మునిసిపాలిటీ ఆఫీసులో సీపీఆర్ నంబరు, అంటే మన ఆధార్ లాంటి గుర్తింపు సంఖ్య, తీసుకోవాలి. తర్వాత మన డాక్టర్ పేరుతో పసుపు రంగు ఆరోగ్య కార్డు ఇంటికి వస్తుంది, అది చూపిస్తే డాక్టర్‌కు ఫీజు ఉండదు. సైకిల్‌కు ముందూ వెనకా లైట్లు లేకుండా చీకట్లో తిరిగితే జరిమానా. కూల్‌డ్రింక్ డబ్బాలు పారేయకండి, షాపులోని యంత్రంలో వేస్తే చిన్నదానికి 1 క్రోన్ (అక్కడి కరెన్సీ) తిరిగొస్తుంది.

దరఖాస్తు దగ్గర జాగ్రత్త అవసరం. తిండి విషయాలు రాస్తే ఏ కుటుంబమూ తీసుకోదని, అవి దాచమని నాకు ఇక్కడ ఒకరు సలహా ఇచ్చారు. చాలా తప్పుడు సలహా. ఏం తింటారో, ఏం తినరో ఉన్నదున్నట్టు రాయండి. ఇంటివాళ్లు మన ఉత్తరం చదివే ఎంచుకుంటారు. మార్కులు, ప్రైజుల గురించి పేజీలు నింపే బదులు ఇంట్లో మీరెలా ఉంటారో రాయండి. మా మొదటి ఇంటివాళ్లు నన్ను ఎంచుకున్నది బాబాయి పిల్లలను రోజూ బడిలో దింపేది నేనేనని రాసిన ఒక్క వాక్యం చూసేనట, క్రిస్మస్ సెలవుల్లో చెప్పారు.