ఫ్లోరెసీనా, అలెక్సా ఫ్లోర్ 488నా?

రెండూ మైక్రోస్కోప్ కింద కణాలు వెలిగి కనిపించేలా వాటికి పట్టించే రంగులు. 490–495 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలికాంతిని పీల్చుకుని, 520 దగ్గర ఆకుపచ్చగా వెలుగుతాయి. ఒకే ఫిల్టర్ రెండింటికీ సరిపోతుంది. తేడా తెలిసేది లైటు వేశాకే: ఫ్లోరెసీన్ పట్టించిన కణాన్ని ఫోకస్‌లోకి తెచ్చుకునేలోపే అది మసకబారడం మొదలవుతుంది. అలెక్సా చాలాసేపు నిలుస్తుంది.

ఈ మసకబారడం ఎందుకు? కాంతిని పీల్చుకున్న రంగు అణువు మామూలుగా కొన్ని నానోసెకన్లలోనే వెలుగు చిమ్మి సర్దుకుంటుంది. అప్పుడప్పుడు దారితప్పి, శక్తిని త్వరగా వదులుకోలేని ట్రిప్లెట్ అనే స్థితిలో చిక్కుకుంటుంది. అక్కడ మైక్రోసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపే ఉండిపోతుంది. ఆలోపు ఆక్సిజన్‌తో చర్య జరిగితే నిర్మాణమే చెడిపోతుంది, ఇక ఆ అణువు వెలగదు. ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన రూపాలు కణాన్నీ దెబ్బతీస్తాయి కాబట్టి, బతికున్న కణాల విషయంలో నష్టం రెండింతలు.

ఫ్లోరెసీన్‌కు ఇంకో బలహీనత ఉంది. ఆమ్లత్వం పెరిగితే వెలుగు తగ్గుతుంది. కణంలోని ఆమ్లపు సంచులైన లైసోజోమ్‌లలో అది వెలవెలబోతే, కాంతికి పాడైందని పొరబడతాం. సల్ఫోనేట్ చేసిన రోడమీన్ అనే రంగుల జాతికి చెందిన అలెక్సా పీహెచ్ 4 నుంచి 10 వరకు నిలకడగా ఉంటుంది.

మరి 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన ఫ్లోరెసీన్ అనే ఈ పాత రంగు ఎందుకు? చవక. ఒక్క ఫొటో చాలనుకుంటే, మసకబారడాన్ని తగ్గించే యాంటీఫేడ్ ద్రవం కూడా వేస్తే, పని జరిగిపోతుంది. పొరలు పొరలుగా పదేపదే స్కాన్ చేయాలంటే మాత్రం నేను అలెక్సానే తీసుకుంటాను. కావాలనే ఒకచోట వెలుగు చంపి, అణువులు తిరిగొచ్చే వేగం కొలిచే ప్రయోగాల్లో ఫ్లోరెసీన్ లోపమే పనికొస్తుంది!