అమ్మతో తోమా కొండలకి

మాది నర్సాపురం. 1836లో ఇండియాకి వచ్చిన బౌడెన్, బీర్ దొరల మిషన్‌లో ముత్తాతల నాడే క్రీస్తుని నమ్ముకున్న కుటుంబం. మా మందిరంలో గోడకి సిలువ కూడా ఉండదు. అలాంటిది అమ్మ, "తోమా సమాధి మద్రాసులోనే ఉందంట కదరా, తీసుకెళ్ళు" అంది. తోమా అంటే యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడు, ఇండియాకి వచ్చి ఇక్కడే చనిపోయాడని నమ్మకం.

భీమవరంలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎగ్మోరులో దిగాం. ఆన్‌లైన్‌లో చూసి తీసుకున్న లాడ్జిలో లిఫ్ట్ పాడైంది. మోకాళ్ళ నొప్పులతో అమ్మ మూడంతస్తులు ఎక్కింది. పెద్దవాళ్ళు ఉంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పరంగిమలైకి లోకల్ ట్రైన్ చాలు. సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్‌లో దిగాలి. 1726లో ఆర్మేనియా వర్తకుడు పెట్రస్ ఉస్కాన్ కట్టించిన మెట్లున్నాయి గానీ, మేం ఆటోలో పైదాకా వెళ్ళాం. గుడిలో బలిపీఠం వెనక రాతి సిలువ ఉంది. 1547లో పోర్చుగీసువాళ్ళు పునాది తవ్వుతుంటే బయటపడింది. పైన దిగుతున్న పావురం, చుట్టూ పహ్లవీ (పాత పర్షియన్ లిపి) అక్షరాలు. తోమాయే చెక్కాడని, నెత్తురు చెమర్చేదని చెప్తారు. లిపిని బట్టి అది ఆయన తర్వాత కొన్ని శతాబ్దాలకి చెక్కిందని చరిత్రకారుల మాట. నాకు మాత్రం ఆ రాయి ముందు నుంచి కదలాలనిపించలేదు.

చిన్నమలై ఇంకా బాగా నచ్చింది. తోమా దాక్కున్నాడని చెప్పే గుహలోకి వంగి వెళ్ళాలి. లోపల బండ మీద ఆయన చేతి ముద్ర అని చూపిస్తారు. అమ్మ అందులో అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. "యేసు గాయాల్లో వేలు పెట్టి చూస్తేగానీ నమ్మనన్నాడు కదరా ఆయన" అంది, గొంతు బొంగురుపోయి.

సాంథోమ్ చర్చిని సాయంత్రానికి ఉంచుకోండి. తోమా సమాధి నేలమాళిగలో ఉంటుంది, ప్రశాంతంగా కూర్చోవచ్చు. ఎముకల కోసమే అయితే మాత్రం, అవి ఎప్పుడో ఇప్పటి టర్కీలోని ఎడెస్సాకి, అక్కడినుంచి గ్రీకు ద్వీపం కియోస్‌కి, 1258లో ఇటలీలోని ఒర్తోనాకి చేరాయని సంప్రదాయం. ఆ చోటి ఎర్రమట్టిని జ్వరాలకి మందుగా తీసుకెళ్ళేవారని మార్కో పోలో రాశాడు. ఈ మాట చెప్తే అమ్మ నేలవైపే చూస్తూ ఉండిపోయింది.

తిరుగు రైల్లో, 1953లో ఒర్తోనా నుంచి తోమా కుడిచేతి ఎముకని కేరళలో కొడుంగల్లూరు దగ్గరికి తెచ్చారని చెప్పాను.

"ఆ చెయ్యేనా?" అంది.

ఎర్నాకుళానికి టికెట్లు చూస్తున్నాను.