డోటన్‌బొరి తిండి: గోదావరి నాలుకకి ఎంతవరకు నప్పుతుంది?

జపాన్‌లోని ఒసాకా వెళ్లాలనుకునే భీమవరం, అమలాపురం వాళ్లు ముందుగా అడిగేది అక్కడ కాలవగట్టున ఉన్న తిండి వీధి డోటన్‌బొరి గురించే. కాన్సాయి ఎయిర్‌పోర్టులో నన్‌కాయి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే ముప్పావు గంటలో నంబా స్టేషన్, అక్కణ్ణుంచి కాలవగట్టుకి పది నిమిషాల నడక. కాలవ 1615 నాటిది. పడవ షికారు మనకేం వింత కాదు కాబట్టి నేరుగా తిండికే పోవచ్చు.

తకోయాకి వేసేది పొంగణాల పెనం లాంటి గుంతల ఇనప పెనం మీదే. పిండి మాత్రం మజ్జిగంత పలచన: మైదా, గుడ్డు, దషి. దషి అంటే ఎండుచేప, సముద్రపు నాచు వేసి కాచిన నీళ్లు. గుంతకో ఆక్టోపస్ ముక్క వేసి, అడుగు గట్టిపడగానే పుల్లతో తిప్పుతూ ఉండ చేస్తారు. పైన పెంకులా, లోపల జారుగా ఉండటమే దాని తీరు. పిండి ఉడకలేదని గొడవ పెట్టుకోకండి. వెంటనే నోట్లో వేసుకుంటే మాత్రం అంగిలి పొక్కుతుంది. పుల్లతో పొడిచి ఆవిరి పోనిచ్చి రెండు నిమిషాలు ఆగండి. మరీ ఆగితే పెంకు మెత్తబడుతుంది. వంతెన పక్క పొడవాటి క్యూలో గంటసేపు నిలబడేంత తేడా రుచిలో ఏమీ ఉండదు.

పెట్టిన డబ్బుకి గిట్టేది ఒకొనొమియాకి. దిబ్బరొట్టె ఇష్టమైతే ఇదీ నచ్చుతుంది. సన్నగా తరిగిన క్యాబేజీ, గుడ్డు, పిండిలో మన పెండలం జాతి దుంపని పచ్చిగానే కోరి కలుపుతారు, ఆ గుల్లదనం దానివల్లే. మీ బల్ల మీదే పెనం ఉంటే అట్టుని అట్లకాడతో అదమకండి, లోపలి గాలి పోయి పిడచకడుతుంది. మామూలుగా పైన పంది మాంసం పరుస్తారు. వద్దంటే "ఎబి" అనండి, రొయ్యలు. చెరువుల దగ్గర్నుంచి వెళ్లి అక్కడా రొయ్యలేనా అనిపిస్తే "ఇకా", అంటే స్క్విడ్.

శాకాహారులకి మాత్రం కష్టమే. మాంసం వద్దంటే సరిపోదు, పిండిలోనే దషి ఉంటుంది. పైన వేడికి కదులుతూ కనిపించే రేకులు కూడా ఎండుచేప చెక్కులే.

కుషికత్సు పుల్లకి గుచ్చి వేపేది. గొడ్డు మాంసం ఎక్కువగా వాడతారు, అడిగి తీసుకోండి. ఉమ్మడి సాస్ గిన్నె పెట్టే కొట్లో అయితే కొరక్కముందు ఒక్కసారే ముంచాలి. ఎంగిలి పట్టింపు ఉన్న మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చాలకపోతే పక్కనిచ్చే క్యాబేజీ ఆకుతో తీసి పోసుకోవాలి.

కట్టించుకుని పట్టుకెళ్తే పన్ను 8 శాతం, కూర్చుని తింటే 10. టిప్పు అక్కర్లేదు. వీధుల్లో చెత్తబుట్టలు అరుదు, ఖాళీ డొప్ప కొన్న కొట్లోనే ఇచ్చేయండి.