వయసు చూడాలా, ఓపిక చూడాలా?

హన్మకొండలో పెద్దమామ ఇంట్లో ఈ వాదన మూడు రోజులు నడిచింది. మామకు 76 ఏళ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజీ. "ఈ వయసులో కీమో ఎందుకు, ఉన్నన్ని రోజులు సుఖంగ ఉండనీయిండ్రి" అని కొడుకులు. "పొద్దున్నే పోయి పాలప్యాకెట్ తెస్తున్నడు గదా" అని అత్తమ్మ. నేను అత్తమ్మ పక్షం.

వయసు లెక్క సులువు, ఆధార్ కార్డు చూస్తే చాలు. (మన పెద్దవాళ్లలో సగం మంది జనవరి 1నే పుట్టారు కాబట్టి అదీ అనుమానమే.) కానీ వయసొక్కటే చూసి మందు తగ్గించడం సరికాదని ఫ్రాన్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 70 నుంచి 89 ఏళ్ల వాళ్లపై జరిగి, 2011లో వెలువడిన అధ్యయనం చూపించింది. ఒకే కీమో మందు తీసుకున్నవాళ్లలో సగం మంది 6.2 నెలలు దాటి బతికితే, రెండు మందులు కలిపి తీసుకున్నవాళ్లలో సగం మంది 10.3 నెలలు దాటారు. సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం రెండు మందుల వాళ్లకే ఎక్కువ. పైగా అందులో చేర్చుకున్నది పగటిపూట సగానికి పైగా మంచం దిగి తిరగగలిగేవాళ్లనే. అంటే మళ్లీ ఓపిక దగ్గరికే వచ్చాం.

ఓపికను కొలవడంలోనూ రెండు దారులున్నాయి. డాక్టర్లు ఫైలులో వేసే ఈకాగ్ స్కోరు ఒకటి. మునుపటిలాగే అన్ని పనులూ చేసుకుంటే 0, మంచం దిగలేకపోతే 4. రెండు నిమిషాల్లో తేలిపోతుంది, చిక్కంతా అక్కడే. మామ మొదటిసారి కాజీపేటలో రైలెక్కి, హైదరాబాద్‌లో లైన్లో కూర్చుని, లోపలికి వెళ్లేసరికి కూలబడ్డాడు. 3 పడింది. పది రోజుల తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకుని "మంచిగనే ఉన్న సార్" అన్నాడు. 1 పడింది. 3 అయితే కీమోకు సాధారణంగా వెనకాడతారు, 1 అయితే ముందుకెళ్తారు.

రెండోది ఇంటి పనుల లెక్క. స్నానం, బట్టలు వేసుకోవడం, బాత్‌రూమ్, లేచి కూర్చోవడం, మలమూత్రాలపై అదుపు, తినడం: ఈ ఆరూ 1963 నుంచి వాడుతున్న కొలత. 1969లో ఇంకో ఎనిమిది వచ్చాయి. ఫోన్ చేయడం, కొనుక్కురావడం, వంట, ఇల్లు సర్దడం, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్క. మామ పుట్టి బుద్ధెరిగి పొయ్యి వెలిగించలేదు, వంట దగ్గర పడే సున్నా (ఇక్కడ సున్నా అంటే చేయలేడని) జబ్బుది కాదు. అందుకే "చేస్తాడా?" అని కాదు, "ఎప్పుడు మానేశాడు?" అని అడగాలి. బతుకమ్మ పండుగ దాకా పెన్షన్ తానే తెచ్చుకునేవాడనీ, ఈమధ్య బీపీ గోళీ రెండుసార్లు వేసుకుంటున్నాడనీ చెప్పగలిగింది అత్తమ్మ ఒక్కతే. ఆస్పత్రికి తోడు వెళ్లాల్సింది ఇంగ్లిష్ వచ్చిన కొడుకు కాదు, ఆమె.

ఇంటి లెక్కే మేలంటాను, కానీ దాన్ని మరీ మోయను. ఇలాంటి లెక్కలతో వివరంగా పరీక్షించి మందు నిర్ణయించినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదని 2016లో ఫ్రాన్స్ నుంచే మరో అధ్యయనం వచ్చింది. అయితే మందు పడక చికిత్స విఫలమైనవాళ్లు నూటికి 11.8 నుంచి 4.8కి తగ్గారు. వాంతులతో, నీరసంతో ఇంటిల్లిపాదీ పడే టెన్షన్ చూసినవాళ్లకు అది చిన్న తేడా కాదు.

ఓపిక ఎందుకు తగ్గిందన్నది వీటన్నిటికంటే ముఖ్యం. పాత మోకాళ్ల నొప్పి కీమోతో తగ్గదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఆయాసమైతే, నీరు తీస్తే మనిషి లేచి కూర్చుంటాడు. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటే గోళీలున్నాయి. జపాన్‌లో మంచాన పడ్డవాళ్లకు అలాంటి గోళీ ఇస్తే చాలామంది మళ్లీ తమ పనులు తాము చేసుకున్నారని 2009లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది. ఆ పరీక్ష ఫలితం రాకముందే "ఓపిక లేదు, వద్దు" అనుకోకూడదు.

మామకు ఆ మార్పు లేదని రిపోర్టు వచ్చింది. అప్పటిదాకా ఆయన్ను ఎవరూ అడగనే లేదు. అత్తమ్మ అడిగింది. "బాత్‌రూముకు నేనే పోవాలె. పోయినన్ని దినాలు మందు ఎక్కించుండ్రి, పోలేనినాడు బంజేయిండ్రి" అన్నాడు. అత్తమ్మ ఆ మాటే డాక్టరుకు చెప్పింది. ఒకే మందుతో మొదలుపెట్టారు.