బందరులో ఒకటిన్నర రోజు

విజయవాడలో పొద్దున్నే బస్సెక్కి రెండు గంటల్లో బందరులో దిగాం, అమ్మా నేనూ. బోర్డుల మీద మచిలీపట్నం అనే ఉంటుంది గానీ, బస్సులో అందరూ బందరనే అన్నారు.

ముందు బందరు కోట దగ్గరున్న డచ్చివాళ్ల సమాధులకు వెళ్లాం. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు పెద్ద రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి వర్తకం మొదలుపెట్టారు. వాళ్లను ఇంత దూరం రప్పించిన సరుకుల్లో మన అద్దకం బట్టలే ముఖ్యం. సమాధిరాళ్ల మీద చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు ఇప్పటికీ వేలితో తడిమితే తెలుస్తాయి. "ఎక్కడ పుట్టారో, ఎక్కడికొచ్చి పోయారో" అని అమ్మ ఒక రాయి దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో ఈ ఊళ్లో, చుట్టుపక్కల సుమారు 30 వేల మంది పోయారు. ఆ సంగతి తెలిసి చూస్తే సముద్రం వైపు గాలి కూడా వేరుగా అనిపిస్తుంది. నీడ తక్కువ, మంచినీళ్లు వెంట ఉంచుకోండి.

మధ్యాహ్నం ఆ అద్దకం పని చూడ్డానికి దగ్గర్లోని పెడన వెళ్లాం. నన్నడిగితే ఈ ప్రయాణంలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వాలి. కరక్కాయ, పాలు పట్టించి ఆరేసిన గుడ్డ మీద టేకు అచ్చు కొడుతున్నారు. ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లలో అచ్చు ముంచుతారు. ఆ నీళ్లు కరక్కాయ తగిలిన గుడ్డ మీద పడగానే నల్లబడతాయి. రసాయన రంగులవి చవకగా దొరుకుతాయి, అడిగి కొనండి. అమ్మ ఒక దుప్పటి తీసుకుంది. ఆటోకి రానూపోనూ ముందే మాట్లాడుకోవడం మేలు.

బస మాత్రం నిరాశపరిచింది. బస్టాండు దగ్గర లాడ్జిలో వేడినీళ్లు ఉన్నాయన్నారు, తెల్లారితే రాలేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు ఒకటే టెన్షన్. పక్క హోటలువాళ్లు బకెట్టు నీళ్లు కాచి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. పెద్దవాళ్లతో వెళ్తే విజయవాడలోనే బస పెట్టుకుని, బందరుకు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడమే సుఖం.

మంగినపూడి బీచ్‌లో ఇసుక కంటే నల్లమట్టి ఎక్కువ, లోతు తక్కువ. విశాఖను ఊహించుకుని వెళ్లకండి. చిలకలపూడి పాండురంగడి గుడిలో అమ్మ స్వామి పాదాలు తాకి దణ్ణం పెట్టుకుంది. తిరుగు బస్సెక్కే ముందు తొక్కుడు లడ్డు రెండు కిలోలు కట్టించాం. విజయవాడ చేరేసరికి ఒకటిన్నరే మిగిలింది.